మనవాణ్ణి ఓడించినవాడే మొనగాడు

పర్లాకిమిడిలో జూన్ నెలాఖరు వచ్చిందంటే వానలు, రథయాత్ర, వింబుల్డన్ కాస్త అటూ ఇటూగా ఒక్కసారే దిగేవి. మాది ఒడిశా ఊరే గానీ మహేంద్రతనయ మీద వంతెన దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు అటు వెళ్ళింది. బజారులో బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగేది. మా అరుగు మీద టెన్నిస్ వాదన కూడా అంతే.

మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరు పెద్ద లైను మీద నౌపడా దాకా వచ్చి, అక్కడ నేరో గేజ్ చిన్న రైలెక్కి మా ఊరు చేరేది. వానలప్పుడు మరీ ఆలస్యం. ఎవరు గెలిచారన్నది రేడియోలో ముందే తెలిసిపోయినా, సెట్లవారీ స్కోరు కోసం పేపరు రావాల్సిందే. అది రాగానే పెద్దనాన్న నన్ను పిలిచేవారు. చదివి వినిపించడం నా పని, తరవాత ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించడం కూడా నా పనే. ఆడపిల్లని కాబట్టి క్లబ్బు కోర్టుకి వెళ్ళే వీలు లేదు గానీ, ఆ నోట్‌బుక్ నా చేతిలో ఉన్నంతకాలం వాదనలో నాకో స్థానం ఉండేది. "ఏదీ, పుస్తకం తియ్యవే" అని ఎవరో ఒకరు అనక తప్పేది కాదు.

వాదన ఎప్పుడూ ఒక్కటే. మొత్తం మగాళ్ళ టెన్నిస్‌లో అందరికంటే గొప్పవాడెవడు?

పెద్దనాన్నకి ఆ ప్రశ్నకి జవాబు 1961లోనే దొరికేసింది. అప్పుడాయన మద్రాసులో చదువుకుంటున్నారు. మన దేశపు ఆటగాడు రామనాథన్ కృష్ణన్ అంటే ప్రాణం. ఆ ఏడాది వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో కృష్ణన్ రాయ్ ఎమర్సన్‌ని వరస సెట్లలో ఓడించాడు. సెమీఫైనల్లో మాత్రం ఒక ఎర్రజుట్టు ఎడంచేతి ఆస్ట్రేలియా కుర్రాడి చేతిలో ఓడిపోయాడు. ఆ కుర్రాడే రాడ్ లేవర్. కప్పు కూడా వాడే ఎత్తాడు. అంతకుముందు ఏడాది, 1960లో, కృష్ణన్‌ని సెమీస్‌లో ఓడించిన నీల్ ఫ్రేజర్ కూడా ఛాంపియన్ అయ్యాడు. దీన్నించి పెద్దనాన్న ఒక సూత్రం తీశారు: మనవాణ్ణి ఓడించినవాడు ఊరికే పోడు, కప్పు పట్టుకునే పోతాడు. 1973లో విజయ్ అమృతరాజ్‌ని క్వార్టర్స్‌లో అయిదు సెట్లు ఆడించి ఓడించిన యాన్ కొడెష్ ఛాంపియన్ అయ్యేసరికి ఆ సూత్రం మా వీధిలో శాసనమైపోయింది. 1979లో బోర్గ్ దాన్ని మరోసారి నిజం చేశాడు. రెండో రౌండులో విజయ్ రెండు సెట్లు ఒకటితో ముందున్నాడు, నాలుగో సెట్ గేములు సమానమై, సెట్ తేల్చే టైబ్రేక్ దాకా వెళ్ళింది. అక్కడ తప్పించుకున్న బోర్గ్ చివరికి కప్పు గెలిచాడు.

ఇప్పుడు ఆలోచిస్తే అది చిన్న కొలత కాదనిపిస్తుంది. మాకు లేవర్ ఆట చూసే దారి లేదు, బోర్గ్ ఆట చూసే దారీ లేదు. మనవాడి ఆట మాత్రం ఎంతోకొంత తెలుసు. లేవర్‌తో ఆడిన సెమీస్‌లో కృష్ణన్ అంతటివాడికి రెండో సెట్ 8-6 దాకా వెళ్ళినా మిగతా రెండు సెట్లలో నాలుగే గేములు దక్కాయంటే, అవతలివాడి ఎత్తు ఎంతో ఊహించుకోగలిగేవాళ్ళం.

లేవర్ గురించి పెద్దనాన్న చెప్పినదంతా నాకు నోటికి వచ్చు. 1962లో ఆస్ట్రేలియా, ఫ్రెంచ్, వింబుల్డన్, అమెరికా నాలుగూ ఒకే ఏడాది గెలిచాడు. ఆ వెంటనే డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్స్‌లో చేరాడు. అప్పటి నియమం ప్రకారం ప్రొఫెషనల్‌కి గ్రాండ్‌స్లామ్‌లనే ఆ నాలుగు టోర్నీల గుమ్మం మూసేశారు. 1968లో ఫ్రెంచ్ నుంచి తలుపులు తెరిచేదాకా అతను ఆడలేకపోయినవి ఇరవై ఒక్క గ్రాండ్‌స్లామ్‌లు. వయసు ఇరవై నాలుగు నుంచి ఇరవై తొమ్మిది, అంటే ఆటగాడికి బంగారం లాంటి ఏళ్ళు. లోపలికి రానిచ్చాక 1969లో మళ్ళీ నాలుగూ గెలిచాడు. ఒకే ఏడాది నాలుగూ రెండుసార్లు గెలిచిన మగవాడు ఇప్పటికీ అతనొక్కడే. మొత్తం పదకొండు. "మధ్యలో ఆ ఇరవై ఒకటీ ఆడనిచ్చి ఉంటే ఎన్నయ్యేవో నువ్వే లెక్కెయ్యి" అని నా వైపు చూసేవారు. నేను లెక్కవేసేదాన్ని. ప్రతిసారీ వేరే అంకె వచ్చేది.

మావయ్య ఊరుకునేవాడు కాదు. అమ్మ తమ్ముడు, కాలేజీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న రోజులు. "బావగారూ, 1962లో మీవాడు గెలిచినప్పుడు గొంజాలెస్ ఏడీ? రోజ్‌వాల్ ఏడీ? హోడ్ ఏడీ? వాళ్ళందరూ ప్రొఫెషనల్స్ అయి బయట నించున్నారు. గుమ్మం మూసెయ్యడం మీవాడికి అన్యాయమైతే, ఆ మూసిన గుమ్మమే 62లో మీవాడికి సాయం చేసింది కాదేటి?" అనేవాడు. గట్టి మాట. పాంచో గొంజాలెస్ 1948, 49లో అమెరికా టైటిల్ గెలిచి ప్రొఫెషనల్ అయ్యాక పద్దెనిమిదేళ్ళకి పైగా ఆ టోర్నీలకి దూరంగా ఉండిపోయాడు. దానికి పెద్దనాన్న తడుముకోకుండా జవాబిచ్చేవారు: "అందుకేగా 69 లెక్క. అప్పుడు అందరూ ఉన్నారు. ఫ్రెంచ్ ఫైనల్లో ఓడింది ఆ రోజ్‌వాలే."

ఎమర్సన్ సంగతి కూడా ఈ వాదనలోనే వచ్చేది. ప్రొఫెషనల్స్ లేని రోజుల్లో అతను సింగిల్స్‌లో పన్నెండు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. 2000లో సాంప్రస్ పదమూడోది గెలిచేదాకా మగాళ్ళలో అదే రికార్డు. అన్నేళ్ళు లెక్కలో పైన కూర్చున్నా, అందరికంటే గొప్పవాడు ఎమర్సన్ అని మా అరుగు మీదే కాదు, టెన్నిస్ తెలిసినవాళ్ళెవరూ అనగా నేను వినలేదు. అంకె ఒక్కటే జవాబు కాదని నాకు మొదట తెలిసింది అతని వల్లే.

మావయ్య దేవుడు బోర్గ్. జుట్టు పెంచి, నుదుటికి పట్టీ కట్టి, క్లబ్బు మట్టి కోర్టులో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ కొట్టేవాడు. పెద్దనాన్నది పాత చెక్క ర్యాకెట్. వానల్లో వంగిపోకుండా దాన్ని నాలుగు మరలున్న చెక్క బిగింపులో పెట్టి గోడకి తగిలించేవారు. మావయ్య దాన్నీ అడిగి తీసుకెళ్ళేవాడు, పెద్దనాన్నా ఇచ్చేవారు. లేవర్ ర్యాకెట్‌తో బోర్గ్ షాట్లు కొడుతున్నాడని ఊళ్ళో అందరికీ చెప్పేవారు.

1980 ఫైనల్ మేము రేడియోలో విన్నాం. బీబీసీ షార్ట్ వేవ్, గాలివాటంగా వచ్చే గొంతు. బోర్గ్, మెకెన్రో. నాలుగో సెట్ టైబ్రేక్ 18-16 దాకా వెళ్ళింది. ఒక్క టైబ్రేక్‌లోనే బోర్గ్‌కి అయిదు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, అంటే గెలిస్తే కప్పు తనదే అయ్యే పాయింట్లు, వచ్చి చేజారాయి. మధ్యలో గొంతు మాయమైపోయి గరగర వినిపిస్తుంటే మావయ్య ట్రాన్సిస్టర్ ఎత్తుకుని వీధి చివర దాకా నడిచాడు, మేమంతా వెనకాల. వాన జల్లు పడుతూనే ఉంది. ఎదురింటి మామ్మగారు ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని బయటికి వచ్చేశారు. టైబ్రేక్ పోయింది. మావయ్య మాట్లాడలేదు. అయిదో సెట్ 8-6 అని విన్నాక మాత్రం ఆ వానలోనే కూర్చుండిపోయాడు. వరసగా అయిదో వింబుల్డన్.

అతని వాదన కప్పుల లెక్క మీద నిలబడేది కాదు. పారిస్‌లో ఎర్రమట్టి మీద బంతి నెమ్మదిగా, ఎత్తుగా వస్తుంది, ఓపిక కావాలి. రెండు వారాలు తిరిగేసరికి లండన్ గడ్డి మీద అదే బంతి జారి కిందగా పోతుంది. ఒళ్ళూ అడుగులూ అన్నీ మార్చుకోవాలి. 1978, 79, 80 మూడేళ్ళూ వరసగా బోర్గ్ రెండూ గెలిచాడు. "మీ లేవర్ రోజుల్లో నాలుగింట్లో మూడు గడ్డి మీదే కదా బావగారూ" అనేవాడు. అదీ నిజమే. అమెరికా ఓపెన్ 1974 దాకా, ఆస్ట్రేలియన్ 1987 దాకా గడ్డి కోర్టుల మీదే జరిగాయి. బోర్గ్ ఆస్ట్రేలియాకి ఒక్కసారే వెళ్ళాడు, ఇరవై ఆరేళ్ళకి ఆట వదిలేశాడు. ఆ వార్త చదివి వినిపించింది కూడా నేనే. మావయ్య పేపరు లాక్కుని తనే మళ్ళీ చదువుకున్నాడు.

మా అరుగు మీదకి వచ్చే ఒడియా ఆయన్ని అందరం భాయినా అనే పిలిచేవాళ్ళం. మా ఊరి కొమ్ము పనికి పేరుంది కదా, ఆయనది ఆ పనే. పశువుల కొమ్ములతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేసేవారు. ఆయనకి లెండిల్ ఇష్టం. 1982 నుంచి 89 దాకా వరసగా ఎనిమిదేళ్ళు అమెరికా ఓపెన్ ఫైనల్ ఆడినవాడు. వింబుల్డన్ ఒక్కటీ రాలేదు. దానికోసం 1990లో ఫ్రెంచ్ కూడా మానేసి గడ్డి మీద సాధన చేశాడు, అయినా సెమీస్‌లో ఎడ్‌బర్గ్ చేతిలో పోయాడు. పుట్టుకతో వచ్చిన చెయ్యి వేరు, కొమ్ముని ఆకురాయితో రోజూ అరగదీసినట్టు చేసుకున్న చెయ్యి వేరు, నేను రెండోదానికే దండం పెడతాను అనేవారు భాయినా. పెద్దనాన్న ఒప్పుకునేవారు కాదు గానీ, ఆ మాట అన్నప్పుడు మాత్రం ఎదురు చెప్పేవారు కాదు.

టీవీ వచ్చాక నాకు నా సొంత మనిషి దొరికాడు. పక్కింట్లో బ్లాక్ అండ్ వైట్ సెట్, వెదురుగడ మీద యాంటెనా. బంతి సరిగ్గా కనబడేది కాదు, ఆటగాళ్ళ కదలిక బట్టి ఎటు పోయిందో తెలుసుకోవాలి. బెకర్ 1985లో గెలిచినప్పుడు "పదిహేడేళ్ళ గుంటడే!" అని ఊరంతా వాడి వైపు తిరిగింది. నేను ఎడ్‌బర్గ్ వైపు వెళ్ళాను. సర్వ్ చేసి ముందుకి నడిచే తీరు, ఒంటిచేత్తో కొట్టే బ్యాక్‌హ్యాండ్, ఓడినా మొహం చిట్లించని తనం. 1988, 89, 90 మూడేళ్ళూ ఫైనల్ వాళ్ళిద్దరిదే. 88లో వానకి ఆట ఆగి సోమవారానికి పోయింది. ఆ సోమవారం నేను బడికి వెళ్ళి వచ్చి పక్కింటి గుమ్మంలో పుస్తకాల సంచీతోనే కూర్చున్నాను. రెండేళ్ళు మావాడివి, మధ్యలోది బెకర్‌ది.

ఎడ్‌బర్గ్ అందరికంటే గొప్పవాడని నేనెప్పుడూ వాదించలేదు. ఇష్టం వేరు, గొప్పతనం వేరు అని పెద్దనాన్న మొదటినుంచీ నూరిపోశారు. "ఇష్టమైనవాడి పేరు చెప్పడానికి బుర్ర అక్కర్లేదే" అనేవారు.

మన కొలత మాత్రం అప్పుడు తిరగబడింది. 1989 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండులో రమేష్ కృష్ణన్, అంటే ఆ కృష్ణన్ కొడుకే, విలాండర్‌ని వరస సెట్లలో ఓడించేశాడు. విలాండర్ అప్పుడు ప్రపంచ నంబర్ వన్, ముందు ఏడాది నాలుగింట్లో మూడు గెలిచినవాడు. పెద్దనాన్న ఆ పేపరు కత్తిరింపు నోట్‌బుక్‌లో అంటించమన్నారు. అందులో అంటించింది అదొక్కటే, మిగతాదంతా చేతి రాత.

సాంప్రస్ కాలానికి నాకు పెళ్ళై బరంపురం వెళ్ళిపోయాను. కేబుల్ వచ్చింది, అన్ని టోర్నీలూ కనిపించేవి, అరుగు మాత్రం లేదు. పద్నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు, వింబుల్డన్ ఏడు, ఫ్రెంచ్‌లో 1996 సెమీస్ దాటలేదు. అగస్సీ నాలుగు చోట్లా గెలిచాడు. ఈ ఇద్దరి గురించి మావయ్యా నేనూ ఎస్టీడీలో తగువులాడుకున్నాం, బిల్లుకి భయపడి తొందరగా ముగించేవాళ్ళం. 1998లో న్యూ హేవెన్‌లో మన లియాండర్ పేస్ సాంప్రస్‌ని ఓడించినప్పుడు మాత్రం బిల్లు ఎవరూ చూడలేదు.

నేను బాగా గుర్తుపెట్టుకున్న రాత్రి 2008ది. ఆ ఏడాది జులై 4న రథయాత్ర. ఇల్లంతా పర్లాకిమిడిలోనే కలిశాం. 6న ఆదివారం ఫైనల్, ఫెదరర్, నాదల్. లండన్‌లో వాన వల్ల ఆట ఆగుతూ ఆగుతూ, చీకటి పడే వేళకి నాదల్ అయిదో సెట్ 9-7తో గెలిచాడు. మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంటా నలభై ఆరు. పెద్దనాన్న పడక కుర్చీలోంచి లేవలేదు. చూపు మందగించింది, టీవీకి బాగా దగ్గరగా జరిపాం. ఆట సగంలో ఉండగా ఆయన ఉన్నట్టుండి అడిగారు: "అదేమిటే, వింబుల్డన్ గడ్డి మీద బంతి భుజం దాకా లేస్తోంది? గడ్డి ఏమైనా మార్చారా?"

మార్చారు. 2001 నుంచి అక్కడ నూటికి నూరుపాళ్ళు రై గడ్డి వేస్తున్నారు. అంతకుముందు రై డెబ్బై పాళ్ళు, ఫెస్క్యూ ముప్ఫై పాళ్ళు కలిపేవారు. కోర్టు గట్టిపడి, బంతి మునుపటికంటే నిటారుగా లేవడం మొదలైంది. ర్యాకెట్ తీగల్లో పాలియెస్టర్ వచ్చి, బంతిని ఎంత గట్టిగా కొట్టినా తిప్పి లోపల దించడం తేలికైంది. సర్వ్ చేసి నెట్ దగ్గరికి పరిగెత్తే ఆట అందుకే తగ్గిపోయింది. ఇదంతా నేను తరవాత చదివి తెలుసుకున్నాను. వింబుల్డన్ నేల ఒక్కసారైనా తొక్కని పెద్దాయన, సరిగ్గా కనబడని కళ్ళతో, బంతి లేచే ఎత్తు చూసి పట్టేశారు. టెన్నిస్ చూడటమంటే ఏమిటో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నానని గర్వంగా చెప్పుకుంటాను.

ఆ రాత్రి ఓడిన ఫెదరర్ గురించే ఆయన పొద్దున్న కాఫీ తాగుతూ మాట్లాడారు. "వాణ్ణి లేవర్ పక్కన కూర్చోబెట్టొచ్చు." అంతకంటే పెద్ద మాట ఆయన నోట ఎవరి గురించీ వినలేదు. తరవాతి వింబుల్డన్ ఆయన చూడలేదు. 2017లో ఫెదరర్ చొరవతో లేవర్ పేరు మీదే ఒక కప్పు మొదలైనప్పుడు, ఈ వార్త చదివి వినిపించడానికి ఆయన ఉండాల్సిందని ఎంతగానో అనిపించింది.

ఇప్పుడు మా ఇంట్లో జొకోవిచ్ వకీలు మా అబ్బాయి. 2011 నుంచీ వాడిది ఒకటే పట్టు. వాడికి నోట్‌బుక్ అక్కర్లేదు, అన్నీ ఫోన్‌లోనే. ఇరవై నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు. నాదల్‌వి ఇరవై రెండు, ఫెదరర్‌వి ఇరవై. నంబర్ వన్‌గా 428 వారాలు. నాలుగు టోర్నీల్లో ప్రతి ఒక్కటీ కనీసం మూడుసార్లు గెలిచిన మగవాడు ఇంకొకడు లేడు. ముఖాముఖి ఆటల్లో నాదల్ మీద 31-29, ఫెదరర్ మీద 27-23. 2024లో పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం. "ఇంకేం కావాలి అమ్మా?" అంటాడు.

2019 జులై 14న ఒకేసారి క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్, వింబుల్డన్ ఫైనల్. ఇంట్లో అందరూ క్రికెట్ దగ్గర, నేను లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు. అయిదో సెట్ 8-7, 40-15. ఫెదరర్ చేతిలో రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, తనదే సర్వ్. రెండూ పోయాయి. మొత్తం ఆటలో ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, జొకోవిచ్ 204. అయినా కప్పు జొకోవిచ్‌ది. మూడు టైబ్రేక్‌లూ అతనివే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కానీ పెద్దనాన్న పెంచిన పిల్లని కాబట్టి ఒప్పుకోవలసింది ఒప్పుకున్నాను. అవసరమైన పాయింటు దగ్గర అంత నిబ్బరంగా నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు.

నా తీర్పు దాచుకోను. అందరికీ గుమ్మం తెరిచి ఉన్న కాలంలో, తన తరంలో ఇంకా ఇద్దరు మహా ఆటగాళ్ళు అడ్డుండగా, వాళ్ళిద్దరినీ ఎక్కువసార్లు ఓడించి పైకి వచ్చిన జొకోవిచ్ సాధించినదానికి సాటి లేదు. అలాగని లేవర్‌ని పదకొండు దగ్గర ఆపేసి పదో పదకొండో స్థానంలో పెట్టేవాళ్ళ మాట మాత్రం వినను. అతనికి పోయినవి ఓడిపోయినవి కావు, ఆడనివ్వనివి. ఆ ఇరవై ఒక్కటీ ఖాళీగా వదిలేసి లెక్క చెప్పమంటే నేను చెప్పను. ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారు నాకు. మా అబ్బాయికి ఈ మాట నచ్చదు.

ఆ 2019లోనే ఆగస్టులో ఒక పొద్దున్న మావయ్య ఫోన్. గొంతులో వణుకు. "టీవీ పెట్టవే, మన గుంటడు ఫెదరర్ మీద సెట్ తీశాడు!" అమెరికా ఓపెన్ మొదటి రౌండు, సుమిత్ నాగల్, మొదటి సెట్ 6-4. తరవాతి మూడు సెట్లూ ఫెదరర్ తీసుకున్నాడు. మావయ్యకి దానితో పనిలేదు. కృష్ణన్, విజయ్, రమేష్, పేస్, నాగల్, వేళ్ళ మీద లెక్కపెడుతూ ఎంతసేపు మాట్లాడాడో.

మావయ్యకి ఇప్పుడు బాగా పెద్దవయసు. బోర్గ్ మాత్రం కదల్లేదు. 2024లో అల్కరాజ్ ఒకే ఏడాది ఫ్రెంచ్, వింబుల్డన్ రెండూ గెలిచిన రోజు మా అబ్బాయి వీడియో కాల్ చేసి చెప్పాడు, తాతయ్యని ఉడికిద్దామని. ప్రొఫెషనల్స్‌ని రానిచ్చిన దగ్గర్నించీ ఆ పని చేసినవాళ్ళు ఆరుగురు: లేవర్, బోర్గ్, నాదల్, ఫెదరర్, జొకోవిచ్, ఇప్పుడీ కుర్రాడు. "మీ బోర్గ్ గొప్ప ఇప్పుడు అందరూ చేస్తున్నారు కదా తాతయ్యా" అన్నాడు.

మావయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏరా మనవడా, వరసగా మూడేళ్ళు చేసినవాడు ఎవడైనా ఉన్నాడేటి? అదలా ఉంచు. 2015 నుంచి ఫ్రెంచ్‌కీ వింబుల్డన్‌కీ మధ్య ఎన్ని వారాలురా?"

"మూడు."

"మావాడికి రెండే. మట్టి దులుపుకుని గడ్డి మీదకి రెండు వారాల్లో వచ్చేసేవాడు. దీనికి చెప్పు ముందు."

మా అబ్బాయి ఫోన్‌లో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. మావయ్య అవతల తీరిగ్గా కూర్చుని, "వెతుక్కో, వెతుక్కో, నాకేం తొందర లేదు" అన్నాడు.